కోటిన్నర అమ్మకం, తాకట్టులో బంగారం: తెనాలిలో ఒక సెల్ షాపు లెక్క

2023 జూన్. జీఎస్‌టీ రిటర్ను గడువు దగ్గర పడి నా ఆఫీసులో ఊపిరాడని రోజు. బిల్లుల ఫైలు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోవాల్సిన సెల్ షాపు ఓనరు వెళ్లకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అన్నయ్యా, ఒకటి అడుగుతాను, నవ్వొద్దు. ఏడాదికి కోటిన్నర పైన అమ్మానని నువ్వే అంటున్నావు. మరి మా ఆవిడ పుస్తెలతాడు తప్ప మిగతా బంగారమంతా తాకట్టులో ఎందుకుంది?"

నవ్వలేదు. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. జీఎస్‌టీ వచ్చిన దగ్గర్నుంచీ ఆయన రిటర్నులు వేస్తున్నది నేనే. అమ్మకం మీద పన్ను ఇంత, కొనుగోలు మీద పన్ను ఇంత, తేడా కట్టు, చలానా తీయి, అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను గానీ ఆ రెండంకెల మధ్య సందు ఎంత సన్నబడిపోయిందో ఆరేళ్లలో ఒక్కసారీ ఆగి చూడలేదు.

ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి ఏడాదిన్నర పాటు మేమిద్దరం చేసిన పని ఇది. రాస్తానంటే "రాయి, పేరు మాత్రం పెట్టకు, డిస్ట్రిబ్యూటర్ చూస్తే బాగోదు" అన్నాడు. అందుకని షాపు పేరూ, ఆయనతో వ్యాపారం చేసిన కంపెనీల పేర్లూ ఉండవు. అంకెలు ఆయన పుస్తకంలోవే, కాస్త రౌండ్ చేశాను.

షాపు తెనాలిలో, బోస్ రోడ్డుకి ఆనుకున్న సందులో. 2009లో రీచార్జి కూపన్లు, నోకియా ఫోన్లు, మెమరీ కార్డులో పాటలెక్కించడంతో మొదలుపెట్టాడు. పాటలెక్కిస్తే 20 రూపాయలు, అందులో ఖర్చు కరెంటు తప్ప ఏమీ లేదు, ఆ రోజుల్ని ఇప్పటికీ తలుచుకుంటాడు. ఆ తర్వాత అందరిలాగే స్మార్ట్‌ఫోన్లలోకి వచ్చాడు, నడిచింది. 2020, 21లో మాత్రం దశ తిరిగిందనుకున్నాడు. కరోనా వచ్చి బళ్లు మూసేశారు, ఆన్‌లైన్ క్లాసులు, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇద్దరికీ ఫోను కావాలి. బేరం లేదు, రంగు కూడా అడగలేదు జనం, ఉన్నది ఇవ్వండి అన్నారు. నెలకి 140 ఫోన్లు పోయాయి. ఆ ఊపులో 2021 దసరాకి పక్క గది కూడా కలుపుకుని, ఏసీ పెట్టించి, గాజు కౌంటర్లు చేయించి, 9 వేలున్న అద్దెని 22 వేలకి తెచ్చుకున్నాడు.

ఆయన్ని తప్పు పట్టలేను. దేశమంతా అదే జరిగింది. మార్కెట్ లెక్కలు తీసే ఐడీసీ సంస్థ ప్రకారం 2021లో మన దేశంలో అమ్ముడుపోయిన స్మార్ట్‌ఫోన్లు 16 కోట్ల పైమాట, 2022కి అది 14.4 కోట్లకి దిగింది. రెండేళ్ల తర్వాత కొనాల్సినవాళ్లు ముందే కొనేశారు, పైగా ఇప్పటి ఫోను మూడేళ్లయినా చావదు. బోస్ రోడ్డు సందులో అదే పడిపోవడం నెలకి 140 నుంచి 95గా కనపడింది. అద్దె మాత్రం 22 వేల దగ్గరే నిలబడింది.

ఒక్క ఫోను వెనక

ముందు చేసిన పని ఏంటంటే, ఏడాది లెక్కలన్నీ పక్కన పెట్టి ఒక్క ఫోను తీసుకున్నాం. ఆ ముందురోజు అమ్మిందే. బిల్లు 15,999.

ఈ వ్యాపారంలో లేనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. డీపీ అంటే షాపువాడికి పడే ధర. ఎంఓపీ అంటే ఇంతకే అమ్మాలి అని కంపెనీ చెప్పే ధర. దానికంటే తక్కువకి బిల్లు కొడితే "ఎంఓపీ బ్రేక్ చేశావు" అని స్కీములు ఆపేస్తారు, ఒక్కోసారి స్టాకే ఆపేస్తారు. డబ్బా మీద ఉండే ఎంఆర్‌పీని ఎవరూ చూడరు, అది అలంకారం.

ఆ ఫోను డీపీ 15,360. తేడా 639 రూపాయలు, అంటే సుమారు 4 శాతం. ఇక్కడిదాకా ఆయనకి తెలుసు, ఫోనుకి ఆరొందలు మిగులుతోందనే ఆయన లెక్క. ఆ 639లో జీఎస్‌టీ 97 పోతుంది, మిగిలింది 542. టెంపర్డ్ గ్లాసు, వెనక పౌచ్ ఫ్రీ, రెండూ కలిపి 90 అసలు ధర, మిగిలింది 452. కస్టమరు ఫైనాన్సులో తీసుకున్నాడు, వడ్డీ లేని ఈఎంఐ అన్నారు కదా, ఆ వడ్డీ ఎవరో ఒకరు కట్టాలి కదా, అందులో షాపు వాటా 160. మిగిలింది 292. చివర్లో కస్టమరు వెంట వచ్చిన బావమరిది ఆన్‌లైన్ రేటు చూపించి గొడవ పెడితే 200 చేతిలో పెట్టాడు.

మిగిలింది 92.

ఆ 200 దగ్గర నేను మళ్లీ ఆగాను. బిల్లేమో ఎంఓపీకే కొట్టాలి కాబట్టి 15,999కే ఉంది, 200 మాత్రం జేబులోంచి ఇచ్చాడు. అంటే తన దగ్గర మిగలని డబ్బు మీద కూడా 30 రూపాయలు పన్ను కట్టాడన్నమాట. ఏడాదికి వెయ్యి ఫోన్ల పైన అమ్మే షాపులో సగం బిల్లులు ఇలాగే ఉంటే ఎంత అవుతుందో వేసి చూపిస్తే ఆయన టీ గ్లాసు కింద పెట్టి "పన్ను కట్టించింది నువ్వే కదా అన్నయ్యా" అన్నాడు. నిజమే.

కాకపోతే కథ 92తో అయిపోదు. నెల టార్గెట్ అందుకుంటే కంపెనీ ఇంకో శాతంన్నర ఇస్తుంది, ఈ ఫోను మీద 240. దాన్నే బ్యాక్ ఎండ్ అంటారు. అది చేతికి రాదు, రెండు నెలల తర్వాత క్రెడిట్ నోటుగా వస్తుంది, దాంతో మళ్లీ వాళ్ల ఫోనే కొనాలి. కాబట్టి ఫోను మీద వచ్చేది 332, అందులో 240 గాల్లో ఉంటుంది.

ఇప్పుడు నెల లెక్క. 95 ఫోన్ల మీద 31 వేలు. చార్జర్లు, ఇయర్‌బడ్స్, కవర్లు వగైరా 18 వేలు. ఫైనాన్సు కంపెనీలు కేసుకింత అని ఇచ్చేది 6 వేలు, రీచార్జి కమీషను 3 వేలు. మొత్తం 58 వేలు. ఖర్చు చూస్తే అద్దె 22, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు 22, ఏసీతో కలిపి కరెంటు 5, టీలూ ఇంటర్నెట్టూ నా ఫీజూ 4, ఇక వడ్డీలు 19. మొత్తం 72 వేలు. ఇంట్లోకి నెలకి 25 వేలు తీసుకుంటున్నాడు. అంటే నెల నెలా 39 వేల గొయ్యి. ఆ గొయ్యిలోకి ముందు బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) 10 లక్షలు పోయింది, తర్వాత 2 రూపాయల వడ్డీకి తెచ్చిన 3 లక్షలు, ఆ తర్వాత బంగారం మీద 4 లక్షలు. ఆయన ప్రశ్నకి జవాబు ఇదే, ఒక్క పేజీలో సరిపోయింది.

వడ్డీ 19 వేలు ఎందుకయిందో చూస్తే కౌంటరు కింద అరల్లో కనపడింది. 19 లక్షల స్టాకు. నెలకి 13 లక్షలు అమ్మే షాపులో 19 లక్షల స్టాకు ఎందుకయ్యా అంటే, "టార్గెట్".

ఈ టార్గెట్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నా ఉద్దేశంలో షాపుని ముంచింది ఆన్‌లైన్ కన్నా ఇదే ఎక్కువ. ఒక నెల 26వ తారీఖు. ఒక బ్రాండులో ఆయన డిస్ట్రిబ్యూటర్ దగ్గర 21 ఫోన్లు ఎత్తాడు. 30 ఎత్తితే పై స్లాబు, మొత్తం మీద ఒక శాతం అదనం. సేల్స్ కుర్రాడు వచ్చి కౌంటరు మీద మోచేతులు పెట్టి, "అన్నా, తొమ్మిదే, నీకోసం కాదు, నా నెల కూడా చూడు" అన్నాడు. వాడూ మన ఊరివాడే, వాడికీ పైన ఎవడో ఉన్నాడు. ఈయన సరేనని తీసుకున్నాడు. 30 ఫోన్ల మీద ఒక శాతం అంటే 3,900. దానికోసం 1,17,000 స్టాకు దించుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండా ఆ మోడల్ మీద వెయ్యి తగ్గింది. ధర తగ్గితే తేడా ఇస్తారు, ప్రైస్ డ్రాప్ అంటారు, కానీ ఫలానా తేదీ తర్వాత కొన్న స్టాకుకే, యాక్టివేట్ కాని ఐఎంఈఐలకే (ప్రతి ఫోనుకీ ఉండే గుర్తింపు నంబరు), అదీ ఇన్ని రోజుల్లో క్లెయిమ్ పెడితేనే. ఈయన పెట్టలేదు. 3,900 కోసం 9,000 పోయింది, వడ్డీ వేరే. ఆ 9 ఫోన్లలో 4 నేను వెళ్లి చూసినప్పుడు ఇంకా అరలోనే ఉన్నాయి, డబ్బాల మీద దుమ్ము.

అలా 90 రోజులు దాటిన ఫోన్లు మొత్తం 41 తేలాయి. వేరే కాగితం మీద రాసుకుంటూ పోతుంటే ఆయన మొహం చూడలేకపోయాను. "ఇవన్నీ నావేనా" అన్నాడు, ఎవరో తెచ్చి పెట్టినట్టు.

కంపెనీ ఎందుకు ఇవ్వదు

ఆయన కోపమంతా కంపెనీల మీద. "కోట్లు సంపాదిస్తారు, మాకు మూడు శాతం పారేస్తారు." ఇక్కడ నేను ఒప్పుకోలేదు, ఈ విషయం అర్థం కాకపోతే షాపుని బాగు చేయడం కూడా కుదరదనిపించింది. వాళ్లలో చాలామంది దగ్గర ఇవ్వడానికి లేదు.

కౌంటర్‌పాయింట్ అనే ఇంకో మార్కెట్ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో అమ్ముడుపోయిన స్మార్ట్‌ఫోన్లలో ఆపిల్‌వి 18 శాతమే, కానీ ఆ పరిశ్రమలో వచ్చిన ఆపరేటింగ్ లాభంలో 85 శాతం ఆపిల్‌దే. మిగిలిన 15 శాతం శాంసంగ్‌తో కలిపి మిగతా అందరూ పంచుకోవాలి. తెనాలిలో మేము అమ్మే పదీ పదిహేను వేల ఫోన్లన్నీ ఆ ముష్టి 15లోంచి రావాల్సిందే. ఎందుకలా అంటే ఆ ఫోన్లు విప్పి చూస్తే తెలుస్తుంది. చిప్పు ఎక్కువగా క్వాల్‌కామ్, లేకపోతే మీడియాటెక్. ఆపరేటింగ్ సిస్టమ్ గూగుల్‌ది. మెమరీ శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ఈ ముగ్గురిలో ఎవరో ఒకరిది కావడానికే ఎక్కువ అవకాశం. అందరి వంటా ఒకే సరుకుతో, పేరు మాత్రం వేరు హోటలు. అప్పుడు ధర తప్ప పోటీ పడటానికి ఏముంటుంది?

షావోమీ ఆ సంగతి దాచుకోలేదు కూడా. 2018 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అధిపతి లే జున్, హార్డ్‌వేర్ మీద నికర లాభం ఎప్పుడూ 5 శాతం దాటనివ్వం అని బోర్డు తీర్మానం చేసి మరీ ప్రకటించాడు. 2022లో వాళ్ల ఫోన్ల వ్యాపారం మీద స్థూల లాభమే 9 శాతం, అదే ఇంటర్నెట్ సేవలూ ప్రకటనల మీద 70 శాతం పైన. ఫోను తెరిచిన ప్రతిసారీ ఏదో ఒక యాప్ వేసుకోమని ఎందుకు పీడిస్తుందో ఇప్పుడు అర్థమైందా అన్నాను. ఫోను అమ్మేటప్పుడు వదులుకున్నది ఫోను వాడేటప్పుడు రాబట్టుకుంటారు. అందులో షాపువాడికి పైసా రాదు.

ఇక అలా రాబట్టుకోలేనివాళ్లు ఏమయ్యారో ఈ షాపు గోడలే చెప్తాయి. పాత గది లోపలి గోడకి ఇప్పటికీ ఒక మైక్రోమ్యాక్స్ బోర్డు ఉంది, వెనక్కి తిప్పి అరగా వాడుతున్నారు. 2014 చివరి మూడు నెలల్లో కెనాలిస్ అనే మార్కెట్ సంస్థ లెక్కలో ఇండియాలో శాంసంగ్‌నే దాటిన కంపెనీ అది. మన హైదరాబాద్ సెల్‌కాన్ అయితే 2015లో మేడ్చల్‌లో ప్లాంటు కూడా పెట్టింది, ఈయన ఆ ఫోన్లు కుప్పలుగా అమ్మాడు. అదే ఏడాది ఆగస్టులో విశాఖలో షావోమీ శ్రీసిటీలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ని 6,999కి దించింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, వాళ్లది 4జీ మాత్రమే, 3జీ ఫోను పనికిరాదు, మన కంపెనీల గోడౌన్లలో 3జీ స్టాకు. రెండు నెలలకే నోట్ల రద్దు. చైనా కంపెనీలు చేతిలో 4జీ ఫోన్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నాయి, ఇంకేముంది. ఇదేదో చిన్న కంపెనీల ఖర్మ అనుకోకండి, ఎల్‌జీ అంతటిది దాదాపు ఆరేళ్లలో 450 కోట్ల డాలర్లు పోగొట్టుకుని 2021 ఏప్రిల్ 5న ఫోన్ల వ్యాపారమే మూసేస్తున్నామని చెప్పింది.

పెద్ద షాపులకి ఇబ్బంది లేదనుకోవడమూ తప్పే. మేము ఈ పని మధ్యలో ఉండగానే, 2024 ఏప్రిల్‌లో, మన రెండు రాష్ట్రాలతో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 4,500 షాపులున్న రిటైలర్ల సంఘం మే 1 నుంచి వన్‌ప్లస్ ఫోన్లు అమ్మబోమని లేఖ రాసింది. వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి మార్జిన్ మరీ తక్కువని, ఇంకోటి వారంటీ క్లెయిములు ఆలస్యమని. ఆ వార్త చూపిస్తే ఆయన చాలాసేపు చదివి, "నాలుగున్నర వేల షాపులున్నవాళ్లే లేఖ రాయాల్సి వస్తే నాకెవరు పలుకుతారు" అన్నాడు. ఆ రోజు నుంచి కంపెనీల మీద తిట్లు తగ్గాయి, అది నాకు చాలా ఉపయోగపడింది.

ఏం చేశాం, ఏది నడిచింది

మొదటి నాలుగు నెలలూ కొత్తగా ఏమీ పెట్టలేదు, ఉన్నది దించాం. ఆ 41 ఫోన్లని వచ్చినకాడికి అమ్మేశాం. వాటి మీద 74 వేలు నష్టం, చేతులు వణికాయి ఇద్దరికీ. ఎనిమిది బ్రాండ్లు పెట్టేవాడు, నాలుగుకి కుదించాం, మిగతావి ఎవరైనా అడిగితే డబ్బులిచ్చి పక్క షాపు నుంచి తెప్పించడమే. టార్గెట్ కోసం 20వ తారీఖు తర్వాత ఒక్క ఫోనూ ఎత్తకూడదని షరతు. ఇది చెప్పడం తేలిక. మొదటి నెల సేల్స్ కుర్రాడు అలిగాడు, రెండో నెల పండగ మోడల్ నీకు రాదని బెదిరింపు వచ్చింది, నిజంగానే రాలేదు, దసరాకి ఊళ్లో అందరి దగ్గరా ఉన్న ఫోను ఈయన దగ్గర లేదు. ఆ వారం నా ఫోను ఎత్తలేదాయన. కానీ దీపావళికి స్టాకు 11 లక్షలకి వచ్చింది, ఆ మిగిలిన డబ్బుతో 2 రూపాయల వడ్డీ అప్పు మొత్తం తీర్చి, బంగారం విడిపించాడు. వడ్డీ నెలకి 19 వేల నుంచి 9 వేలకి దిగింది. బంగారం ఇంటికొచ్చిన రోజు వాళ్లావిడ మా ఇంటికి పూతరేకులు పంపింది, నా ఫీజులో ఇది ఎక్కడా రాయలేదు.

ఫ్రీ గ్లాసు ఆపడం దగ్గర ఎక్కువ గొడవైంది. "పదేళ్లుగా ఇస్తున్నాను, ఆపితే మొహం మీద అంటారు" అని భయపడ్డాడు. మేము చేసిందల్లా రెండు రేట్లు చెప్పడమే. ఫోను ఒక్కటే కావాలంటే ఎంఓపీ, దాని మీద 100 దాకా తగ్గింపు, గ్లాసు 150. గ్లాసు అంటించడం మాత్రం కౌంటరు మీద, కస్టమరు కళ్లముందు, తడిగుడ్డ, పొడిగుడ్డ, దుమ్ము తీసే స్టిక్కరు, గాలి బుడగ ఒక్కటి లేకుండా. పాపం ఆ కుర్రాడికి మొదటి వారంలో పది గ్లాసులు పాడయ్యాయి. ఇప్పుడు బయట కొన్న ఫోనుకి కూడా అంటించుకోవడానికి వస్తున్నారు. ఆన్‌లైన్‌లో కొన్నవాడు గ్లాసుకి మన దగ్గరికి రావడం చూసి మా వాడికి కలిగిన ఆనందం ఆ 150 కన్నా చాలా పెద్దది.

రిపేరు కౌంటరు మొదటిసారి దెబ్బతింది. నెల జీతానికి ఒక టెక్నీషియన్‌ని పెట్టాం. రెండు నెలలు చేసి చెప్పాపెట్టకుండా విజయవాడ వెళ్లిపోయాడు, పోతూ పోతూ ఒక మాస్టారి ఫోను విప్పి వదిలేశాడు, అందులో ఆయన మనవరాలి బారసాల ఫోటోలు. మాకు ఆ ఫోటోలు తిరిగి రాబట్టడానికి మూడు వారాలు పట్టింది, ఇంకో చోట చేయించి ఖర్చు మేమే పెట్టుకున్నాం. రెండోసారి జీతం లేదు, సగం సగం అన్నాం. ఒక మోడల్ డిస్‌ప్లే మారిస్తే కస్టమరు దగ్గర 2,200, కొత్త డిస్‌ప్లే సెట్టు (కాంబో) 1,350, మిగిలిన 850లో ఆ కుర్రాడికి 425, షాపుకి 425. దీన్ని ఆ మొదటి ఫోను కాగితం పక్కన పెట్టి చూపించాను. కొత్త ఫోను అమ్మితే 92, పగిలిన డిస్‌ప్లే మారిస్తే 425. స్టాకు అక్కర్లేదు, టార్గెట్ లేదు, సేల్స్ కుర్రాడు రాడు. ఆయన ఆ రెండు కాగితాలూ మడిచి కౌంటరు గాజు కింద పెట్టుకున్నాడు.

పాత ఫోన్ల దగ్గర నేను కొంచెం భయపడ్డాను. అంతకుముందు ఎక్స్చేంజిలో వచ్చినవి వచ్చినట్టే ఒక డీలరుకి అతను చెప్పిన రేటుకి ఇచ్చేసేవాడు. మనమే శుభ్రం చేసి, బ్యాటరీ మార్చి అమ్ముకోవచ్చు. పన్ను కూడా అనుకూలమే, వాడిన వస్తువుల మార్జిన్ స్కీములో కొన్న ధరకీ అమ్మిన ధరకీ ఉన్న తేడా మీదే జీఎస్‌టీ, కొన్నప్పుడు కట్టిన పన్నుకి క్రెడిట్ తీసుకోకుండా ఉంటే చాలు. భయం దొంగ ఫోన్లతో. అప్పటికే కేంద్ర ప్రభుత్వం సంచార్ సాథీ పోర్టల్ వచ్చి ఉంది, పోయిన ఫోన్లని బ్లాక్ చేయించేది. కేవైఎం అని కొట్టి ఐఎంఈఐ నంబరు 14422కి మెసేజ్ పెడితే ఆ నంబరు బ్లాక్‌లో ఉందో లేదో చెప్తుంది. ఫోను తీసుకునే ముందు ఆ మెసేజ్, ఆధార్ కాపీ, సంతకం, అమ్మే మనిషి ఫోను పట్టుకున్న ఫోటో. బిల్లు లేకుండా, సీజన్లో పనికొచ్చిన కూలీనని చెప్పి ఒకతను మంచి ఫోను 3 వేలకే ఇస్తానంటే మెసేజ్ పెట్టారు, బ్లాక్‌లో ఉందని వచ్చింది. అది చూసే లోపే మనిషి మాయం, ఫోను కౌంటరు మీదే వదిలేసి. అదే రోజు స్టేషన్‌లో ఇచ్చేశారు. ఆ కుదుపుకి ఒక నెల పాత ఫోన్లు ముట్టుకోలేదు మా వాడు.

నడవనివీ చెప్పాలి. ఇయర్‌బడ్స్ హోల్‌సేల్‌లో 200 తెచ్చాం, నా సలహానే, మూడో వంతు చెవిలో పెట్టుకున్న వారానికే తిరిగొచ్చాయి. ఇంటికి తెచ్చి ఇస్తామని వాట్సాప్‌లో పెట్టాం, తెనాలిలో ఎవరైనా పది నిమిషాల్లో షాపుకి రాగలరు, ఆ సర్వీసు ఎవరిక్కావాలి? ఇక తన ఫోన్లు అమ్మిపెట్టడానికి కంపెనీ మన షాపులో పెట్టిన ప్రమోటర్‌ని తీసేద్దామా అనుకున్నాం, జీతం వాళ్లిస్తారు, పని మాత్రం వాళ్ల బ్రాండుకే చేస్తాడు. ఒకడు వెళ్లిపోతే చూశాం, ఆ నెల ఆ బ్రాండు సగానికి పడింది. మళ్లీ పిలిచి పెట్టుకున్నాం.

2024 డిసెంబరు లెక్క

ఫోన్లు నెలకి 70, అంటే ఇంకా తగ్గాయి. అమ్మకం ఏడాదికి కోటీ 18 లక్షలకి దిగింది. ఓడీ రెన్యువల్‌కి వెళ్తే బ్యాంకు మేనేజరు, టర్నోవర్ పడిపోయింది, పరిస్థితి బాగోలేదా అని అడిగాడు. బాగోలేనప్పుడు మాత్రం కోటిన్నర చూసి పిలిచి టీ ఇచ్చాడు.

ఫోన్ల మీద 35 వేలు వస్తోంది, ఒక్కోదానికి 500 చొప్పున. గ్లాసులూ కవర్లూ చార్జర్లూ 30. రిపేర్లు 12, పాత ఫోన్లు 11, ఫైనాన్సు, రీచార్జి కలిపి 7. మొత్తం 95 వేలు. ఖర్చు వడ్డీతో సహా 62. ఇంట్లోకి 25 పోను 8 వేలు మిగులుతోంది. అంతే. లక్షలు గెలిచామన్న కథ కాదిది, నెలకి 39 వేలు తవ్వుకుంటున్న గొయ్యి ఆగింది. అద్దె ఇంకా అదే 22, పక్క గది వదిలేద్దామంటే ఏసీ బిగించిన గోడ పగలగొట్టాలి, ఆ మాట ఎత్తితే ఇప్పటికీ ఒప్పుకోడు. నాకైతే ఆ గది వదిలేయాల్సిందేనని ఉంది. ఈ విషయంలో మేమిద్దరం ఇంకా రాజీ పడలేదు.

2025 చివర్లో ఇంకో మలుపు వచ్చింది. మెమరీ చిప్పులు ఏఐ డేటా సెంటర్లకి మళ్లి ధరలెక్కాయి, ఫోన్ల రేట్లు పైకి కదిలాయి. ఇన్నేళ్లలో దించడం తప్ప పెంచడం తెలియని వ్యాపారంలో డీపీ పెరిగిందని మెసేజ్ వస్తే నమ్మబుద్ధి కాలేదట. ఆ రాత్రి పదింటికి నాకు ఫోను. "అన్నయ్యా, ఆ 41 ఫోన్లు ఉంచుకుని ఉంటే ఇప్పుడు..."

"అవి 2022 మోడళ్లయ్యా" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, రేపు 26వ తారీఖు, పన్నెండు ఫోన్లు ఎత్తమంటున్నాడు, రేటు పెరిగే లోపు. ఎత్తనా వద్దా?"

రేపు పొద్దున్నే షాపుకి వస్తున్నా, నేనొచ్చేదాకా ఏదీ దించుకోకు అని పెట్టేశాను.